40 డిగ్రీల్లో 140 ఫ్రేములు

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో ఆటో దిగి ‘సీటీసీ’ అంటే చాలు, ఎవరైనా చెయ్యెత్తి చూపిస్తారు. చెనాయ్ ట్రేడ్ సెంటర్ అనే పూర్తి పేరు బిల్లుల మీద తప్ప నలుగురి నోట వినిపించేది తక్కువ. శనివారం మధ్యాహ్నం ఆ మెట్ల మీద మనుషులతో సమానంగా అట్టపెట్టెలు ఎక్కిదిగుతుంటాయి. భుజాన క్యాబినెట్ మోసుకొస్తున్న మనిషికి దారి వదులుతూ ఒక బీటెక్ కుర్రాడు, వాళ్ల నాన్న ఆరో షాపు ముందు ఆగారు. కుర్రాడి చేతిలో నాలుగు మడతల కాగితం. దాని మీద కంప్యూటర్‌కు కావాల్సిన ఎనిమిది వస్తువుల పేర్లు, వాటి పక్కన ఐదు షాపుల వాళ్లు చెప్పిన ఐదు రేట్లు.

“రెడీమేడ్‌ది దొరుకుతుంటే ఈ ముక్కలు ఏరుకునుడేందిరా?” అని తండ్రి గొణిగాడు.

“రెడీమేడ్‌ల వాళ్లు యాడ మిగిలించుకున్నరో మనకు తెల్వదు నాన్నా.”

కౌంటర్ వెనకున్నాయన కాగితాన్ని పైనుంచి కిందదాకా చదివి ఒకచోట వేలు పెట్టాడు. “తమ్మీ, అన్నీ మంచిగనే రాసినవ్. ఎస్‌ఎంపీఎస్ కాడ కక్కుర్తి పడ్డవ్.”

గోడ ప్లగ్గులోని 230 వోల్టుల ఏసీని 12 వోల్టుల డీసీగా మార్చి లోపలి భాగాలకు పంచే పెట్టె ఎస్‌ఎంపీఎస్. అది ఒక్క ఫ్రేము కూడా పెంచదు. దాన్ని చూపించి యూట్యూబులో ఎవరూ కేకలు వెయ్యరు. అందుకే ఖర్చు తగ్గించాల్సి వస్తే మొదటి వేటు దాని మీదే పడుతుంది. ఈ కుర్రాడు రాసుకున్న రైజెన్ 5 7600 ప్రాసెసర్ గరిష్ఠంగా 88 వాట్లు తీసుకుంటుంది. 16 జీబీ ఆర్‌టీఎక్స్ 5060 టీఐ గ్రాఫిక్స్ కార్డుకు 180 వాట్లు కావాలి. మదర్‌బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఫ్యాన్లకు ఇంకో 60 వేసుకున్నా మొత్తం 330 దాటదు కాబట్టి చవకరకం 450 వాట్లది చాలనుకున్నాడు. కూడిక తప్పు కాదు. కాకపోతే గ్రాఫిక్స్ కార్డు కరెంటును సమంగా తాగదు. తెర మీద పేలుడు జరిగిన క్షణాన కొన్ని మిల్లీసెకన్ల పాటు తన రేటింగును దాటి ఎగిరి పడుతుంది. ఆ ఎగురుడు తట్టుకోలేని ఎస్‌ఎంపీఎస్ అయితే సిస్టమ్ టక్కున ఆరిపోతుంది, తెర మీద ఏ సందేశమూ రాదు. పదిహేను నిమిషాల వాదన తర్వాత 650 వాట్లది, ‘80 ప్లస్ బ్రాంజ్’ ముద్ర ఉన్నది కాగితంలోకి ఎక్కింది. 2004లో మొదలైన ‘80 ప్లస్’ ముద్రకు అర్థం, గోడ నుంచి లాగిన కరెంటులో కనీసం 80 శాతం భాగాలకు చేరుతుందని, మిగతాదే వేడిగా పోతుందని. లోపలి కెపాసిటర్లు మంచివో కావో ఆ ముద్ర చెప్పదు.

ర్యామ్ దగ్గర మాత్రం బేరం సాగలేదు. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్పుల్ని పెద్దఎత్తున కొనేస్తుండటంతో 2025 చివర నుంచి ర్యామ్ ధర పట్టపగ్గాల్లేకుండా పోయింది. మైక్రాన్ సంస్థ ‘క్రూషియల్’ పేరుతో మామూలు జనానికి ర్యామ్, ఎస్‌ఎస్‌డీలు అమ్మే వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు ఆ ఏడాది డిసెంబరులో ప్రకటించింది. అదే మైక్రాన్‌కు ఇదే హైదరాబాద్‌లో పెద్ద డెవలప్‌మెంట్ సెంటర్ ఉంది. ఏఎండీ, ఎన్‌విడియా ఇంజినీర్లు కూడా ఈ ఊళ్లో పనిచేస్తున్నారు. అయినా ఊరివాళ్లు కదా అని సీటీసీలో రూపాయి తగ్గదు.

విడిభాగాలు కొని ఇంట్లో అతుక్కునే ఈ వెసులుబాటు ఎక్కడి నుంచి వచ్చిందో కుర్రాడికి పట్టలేదు, తండ్రికి అసలే పట్టలేదు. 1981లో ఐబీఎం తన పీసీని హడావుడిగా తయారుచేస్తూ బజారులో దొరికే భాగాల్నే వాడింది. సర్క్యూట్ల వివరాలు కూడా పుస్తకంగా అచ్చువేసి అమ్మింది. ఇంకేం, అందరూ దాన్ని చూసి తయారుచెయ్యడం మొదలుపెట్టారు. 1995లో ఇంటెల్ ‘ఏటీఎక్స్’ కొలతలు ఖరారు చేసింది: బోర్డుకు మర రంధ్రాలు ఎక్కడుండాలి, వెనక సాకెట్లు ఏ వైపు రావాలి అని. తైవాన్ కంపెనీ బోర్డు మరో దేశంలో తయారైన క్యాబినెట్‌లో ముప్ఫై ఏళ్ల తర్వాత కూడా మిల్లీమీటరు తేడా లేకుండా కూర్చుంటోందంటే ఆ కొలతల పుణ్యమే. ఎన్‌విడియా ‘ప్రపంచంలో తొలి జీపీయూ’ అని చాటుతూ జీఫోర్స్ 256ను 1999లో తెచ్చాక, పెట్టెలో అన్నిటికన్నా ఖరీదైన వస్తువు అనే పీట ప్రాసెసర్ నుంచి మెల్లగా గ్రాఫిక్స్ కార్డుకు దక్కింది. ఈ కాగితంలోనూ అంతే. ఖర్చులో సింహభాగం కార్డుదే.

ఆ రాత్రి దిల్‌సుఖ్‌నగర్‌లో, పై అంతస్తు స్లాబు కింది గదిలో, మంచం మీద పాత దుప్పటి పరిచి పని మొదలైంది.

ముందుగా ప్రాసెసర్. ఏఎం5 సాకెట్‌లో 1,718 పిన్నులుంటాయి. సుమారు అగ్గిపెట్టెంత చోటులో అవన్నీ ఒకే దిక్కుకు వంగి, గాలికి ఒరిగిన వరిమడిలా కనిపిస్తాయి. ఒక్కటి వంకర పోయినా బోర్డు మూలకు చేరినట్టే. ప్రాసెసర్ మూల మీద బంగారు రంగు త్రిభుజం, సాకెట్ మూల మీద ఇంకోటి. రెండూ ఒకే వైపున్నాయని మూడుసార్లు చూసుకుని కుర్రాడు చేతులు వదిలేశాడు. నొక్కకూడదు, దాని బరువుకు అదే కూర్చోవాలి. లీవరు దించేటప్పుడు మాత్రం కిర్రుమని శబ్దమొస్తుంది, బలం వాడాల్సి వస్తుంది. మొదటిసారి చేసేవాళ్లకు ఏదో విరిగిందనిపించే శబ్దమది. నల్ల ప్లాస్టిక్ మూత టప్పున ఎగిరి దుప్పటి మీద పడేసరికి తలుపు దగ్గర నిలబడ్డ తండ్రి ఉలిక్కిపడ్డాడు.

తర్వాత థర్మల్ పేస్ట్, నడిమధ్యన కందిగింజ కంటే కొంచెం ఎక్కువ. చూడటానికి నున్నగా ఉన్నా ప్రాసెసర్ పైభాగంలోనూ కూలర్ అడుగునా కంటికి కనపడని గుంతలుంటాయి. వాటిలో గాలి చేరితే వేడి దాటదు. ఆ గాలిని బయటకు నెట్టడమే పేస్టు పని. కూలర్ అడుగున ‘బిగించే ముందు తీసెయ్యండి’ అని రాసిన స్టిక్కరు ఉంటుంది. దాన్ని తియ్యకుండానే బిగించి, ప్రాసెసర్ 95 డిగ్రీలకు పోతోందని తల పట్టుకునేవాళ్లు ఊరికొకరు తగులుతారు. ర్యామ్ రెండు కడ్డీలనూ రెండో, నాలుగో స్లాటుల్లో పెట్టాలి. పక్కపక్కన పెడితే మెమరీకి ఉన్న రెండు దారుల్లో ఒకటే తెరుచుకుంటుంది. ఇక పవర్ బటన్ వైర్లున్నాయి. బియ్యపుగింజంత కనెక్టర్లు, చీమ తలకాయంత అక్షరాలు. ఫోను టార్చి పట్టుకునే ఉద్యోగం తండ్రికి వచ్చింది. రాత్రి పదకొండున్నరకు చివరి మర బిగిసింది.

బటన్ నొక్కగానే ఫ్యాన్లు తిరిగాయి, లైట్లు వెలిగాయి. తెర మాత్రం నల్లగానే ఉంది. నిమిషమైంది, రెండు నిమిషాలైంది.

“కాలిపోయిందారా?”

కాలలేదు. డీడీఆర్5 ర్యామ్‌ను మొదటిసారి పెట్టినప్పుడు మదర్‌బోర్డు దానితో ఏ వేగంలో, ఏ వోల్టేజీలో మాట్లాడాలో ఒక్కొక్కటే ప్రయత్నించి చూసుకుంటుంది. మెమరీ ట్రైనింగ్ అంటారు. ఈ సాకెట్‌లో దానికి కొన్ని నిమిషాలు పట్టొచ్చు. ఆ సంగతి తెలియక ప్లగ్గు పీకి, మళ్లీ పెట్టి, మళ్లీ పీకి, తెల్లారి షాపుకు మోసుకెళ్లేవాళ్లకు కొదవలేదు. నాలుగో నిమిషంలో తెర వెలిగింది. తండ్రి పడుకోబోయాడు. పని అయిపోయిందని ఆయన ఉద్దేశం. నిజానికి సగమే అయింది, అదీ తేలికైన సగం.

ఆదివారం పొద్దున పరీక్షలు మొదలయ్యాయి. మొదట తేలేవి ఎప్పుడూ మతిమరుపు తప్పులే. 6000 వేగమని డబ్బులు పోసి కొన్న ర్యామ్, బోర్డు సెట్టింగులుండే బయాస్‌లోకి వెళ్లి ఎక్స్‌పో అనే సెట్టింగు ఆన్ చేసేదాకా 4800 దగ్గరే నడుస్తోంది. 144 హెర్ట్జ్ మానిటర్ విండోస్ సెట్టింగులో 60 దగ్గరే ఉండిపోయింది. ఇంకో తప్పు ఈ కుర్రాడు చెయ్యలేదు గానీ చాలామంది చేస్తారు: మానిటర్ కేబుల్‌ను గ్రాఫిక్స్ కార్డుకు బదులు మదర్‌బోర్డుకు గుచ్చడం. రైజెన్ 5 7600లో చిన్నపాటి గ్రాఫిక్స్ లోపలే ఉంది కనుక బొమ్మ వచ్చేస్తుంది, ఎవరికీ అనుమానం రాదు. గేమ్ తెరిస్తే నత్తనడక. వేలకు వేలు పోసి కొన్న కార్డు పక్కనే ఊరికే కూర్చుని ఉంటుంది.

ప్రాసెసర్‌ను సినీబెంచ్ ఆర్23తో కొలిచాడు. పదమూడు వేల పైచిలుకు వచ్చింది, ఈ ప్రాసెసర్‌కు రావాల్సినంత. తర్వాత ప్రైమ్95 ఆన్ చేసి స్నానానికి వెళ్లాడు. ఈ సాఫ్ట్‌వేర్ కథ వింతైనది. దీన్ని రాసింది కంప్యూటర్లను పరీక్షించడానికి కానే కాదు. 1996లో జార్జ్ వోల్ట్‌మన్ మొదలుపెట్టిన గింప్స్ అనే ఉమ్మడి ప్రయత్నంలో భాగంగా, అతిపెద్ద ప్రధాన సంఖ్యల్ని వెతకడానికి రాశారు. వారాల తరబడి సాగే లెక్కలో ఎక్కడ ఒక్క అంకె తప్పినా అంతా వృథా. అందుకని లెక్క మధ్యమధ్యలో తనను తాను సరిచూసుకుంటుంది. ప్రాసెసర్ ఏ మూల తడబడినా పట్టేస్తుంది కాబట్టి ఓవర్‌క్లాకింగ్ (ప్రాసెసర్‌ను దాని రేటింగు వేగం దాటి పరుగెత్తించడం) చేసేవాళ్లు దీన్ని హింసాయంత్రంగా మార్చుకున్నారు. 2016 మొదట్లో ఇంటెల్ స్కైలేక్ ప్రాసెసర్లు కొన్ని క్లిష్టమైన లెక్కల మధ్య బిగుసుకుపోతున్నాయని బయటపెట్టింది ఈ ప్రధాన సంఖ్యల వేటగాళ్లే. ఇంటెల్ ఒప్పుకుని బయాస్ అప్‌డేట్‌తో సరిదిద్దింది. ఇక 2024 అక్టోబరులో గింప్స్ వెతికే మెర్సెన్ రకం ప్రధాన సంఖ్యల్లో 52వది దొరికింది, 4,10,24,320 అంకెలది. దాన్ని పట్టింది మామూలు ప్రాసెసర్లు కాదు, గ్రాఫిక్స్ ప్రాసెసర్లు.

ఇంత కొత్త మెషీన్‌ను గంటల తరబడి హింసించడం దేనికని తండ్రికి సందేహం. దుకాణంలో మార్చుకునే గడువు దాటకముందే లోపం బయటపడాలి, అందుకు. పైగా లోపం ప్రతిసారీ బిగించినవాడిదే కానక్కర్లేదు. ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో ఖరీదైనవి కొన్ని గేమ్ మధ్యలో ‘వీడియో మెమరీ చాలలేదు’ అంటూ మూసుకుపోతుంటే, జనం చాలాకాలం గ్రాఫిక్స్ కార్డును అనుమానించారు. ప్రాసెసర్ అవసరానికి మించిన వోల్టేజీ అడుగుతోందని 2024 జులైలో ఇంటెల్ చెప్పింది. సవరణలు విడుదల చేసింది, వారంటీని రెండేళ్లు పొడిగించింది. 2022లో ఆర్‌టీఎక్స్ 4090 కార్డుల పవర్ కనెక్టర్లు కొన్ని కరిగిపోయాయి. పూర్తిగా లోపలికి నొక్కకపోవడమే ముఖ్య కారణమని తేలింది. అలా సగం గుచ్చినా కరెంటు పారేలా డిజైన్ ఎందుకు చేశారన్న ప్రశ్న కూడా న్యాయమైనదే. తర్వాత ఆ కనెక్టర్‌నే మార్చారు.

ఇక అసలు గేమ్. సైబర్‌పంక్ 2077లో బెంచ్‌మార్క్ లోపలే ఉంటుంది. ఎవరు నడిపినా అదే వీధి, అదే దారి కాబట్టి పోలికకు పనికొస్తుంది. కుర్రాడు 1080పీలో సెట్టింగులు కాస్త తగ్గించి నడిపాడు. సగటు 141 ఎఫ్‌పీఎస్, అంటే సెకనుకు 141 ఫ్రేములు. స్క్రీన్‌షాట్ తీసి స్నేహితుల గ్రూపులో పడేశాడు.

ఈ సగటు దగ్గరే చాలామంది ఆగిపోతారు. దిల్‌సుఖ్‌నగర్ స్టాపులో గంటకు పది బస్సులొస్తాయని డిపో లెక్క చెబుతుందనుకోండి. నలభై నిమిషాలు ఒక్కటీ రాకుండా, తర్వాత పదీ వరసకట్టి వచ్చినా ఆ లెక్క అబద్ధం కాదు. స్టాపులో నిలబడ్డవాడి కాళ్లనడగాలి నిజం. గేమ్‌లోనూ అంతే. 140 ఎఫ్‌పీఎస్ అంటే ఒక్కో ఫ్రేముకు సుమారు 7 మిల్లీసెకన్లు. మధ్యలో ఒక్క ఫ్రేము 50 మిల్లీసెకన్లు తీసుకుంటే సగటు కదలదు. గురిపెట్టిన వేలు మాత్రం తడబడుతుంది. చాలా ఏళ్లు సమీక్షకులు కూడా దీన్ని పట్టించుకోలేదు. 2011లో టెక్ రిపోర్ట్ వెబ్‌సైట్‌కు రాసే స్కాట్ వాసన్ సెకను లోపలికి తొంగిచూసి, ఒక్కో ఫ్రేముకు పట్టిన సమయాన్ని గీతగా గీసి చూపాకే పద్ధతి మారింది. ఇప్పుడు సగటుతో పాటు ‘1 శాతం లో’ కూడా చెబుతారు. నిమిషంలో గీసిన 8,400 ఫ్రేముల్లో అన్నిటికన్నా నెమ్మదైన 84 ఏ వేగంలో వచ్చాయన్న లెక్క అది. ఈ కుర్రాడికి పొద్దున అది 102 వచ్చింది. మంచి ఫలితమే.

కొత్త కార్డుల్లో ఇంకో మాయ ఉంది. 2025 జనవరిలో ఆర్‌టీఎక్స్ 50 తరంతో వచ్చిన మల్టీ ఫ్రేమ్ జనరేషన్, గేమ్ గీసిన ఒక్కో ఫ్రేముకు తోడు మూడింటిని ఊహించి గీయగలదు. అసలువి 35, తెర మీద 140. చూపుకు నున్నగా ఉంటుంది. మౌస్ కదిపితే స్పందన మాత్రం 35 స్థాయిదే. డబ్బాల మీద అచ్చేసే పెద్ద పెద్ద అంకెలు చూసినప్పుడు ఇది గుర్తుంచుకోవాలి. కుర్రాడు దాన్ని ఆపేసే కొలిచాడు.

మధ్యాహ్నం మూడింటికి కథ అడ్డం తిరిగింది. బయట ఎండ 40 డిగ్రీలు. గదిలో గోడ మీద వేలాడదీసిన థర్మామీటరు 36 చూపిస్తోంది. గంటసేపు ఆడాక అదే బెంచ్‌మార్క్ నడిపితే సగటు 132, ‘1 శాతం లో’ 79. పొద్దుటి నుంచి ఒక్క సెట్టింగు మార్చలేదు. హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ రాసిన లాగ్ తెరిస్తే కారణం దొరికింది: కార్డు 84 డిగ్రీలు, ప్రాసెసర్ 88. పొద్దున 2,700 మెగాహెర్ట్జ్ దగ్గర పరుగెత్తిన కార్డు ఇప్పుడు 2,500కి దిగింది. ఎన్‌విడియా కార్డులు వేడెక్కేకొద్దీ తమ వేగాన్ని మెట్టు మెట్టుగా తామే తగ్గించుకుంటాయి.

అతను చూసిన సమీక్షలన్నీ 21, 22 డిగ్రీల ఏసీ గదుల్లో చేసినవి. మామూలు కూలరేదీ గది గాలికన్నా చల్లబరచలేదు. గది 14 డిగ్రీలు పెరిగితే లోపలి లెక్కలన్నీ దాదాపు అంతే పైకి జరుగుతాయి. దానికితోడు గేమ్ ఆడుతున్నప్పుడు సిస్టమ్ తాగే 300 వాట్లూ చివరికి వేడిగా ఆ గదిలోకే వస్తాయి. మే నెలలో, స్లాబు కింద, తలుపులేసుకుని చిన్న రూమ్ హీటర్ ముందు కూర్చున్నట్టు.

అయినా 84 ఎక్కువే. అప్పుడు కుర్రాడు చేసిన పని ఖర్చులేనిది: గేమ్ నడుస్తుండగానే క్యాబినెట్ పక్క అద్దం ఊడదీశాడు. పది నిమిషాల్లో కార్డు 73కు దిగింది. అంటే కార్డు తప్పు కాదు, పేస్టు తప్పు కాదు. పెట్టెలోకి గాలి రావడం లేదు. ముందు భాగం నిండా నల్లటి అద్దం, దాని వెనక రంగురంగుల వెలుగుల ఫ్యాన్లు మూడు. పక్క సందుల్లోంచి దూరే కొద్దిపాటి గాలికోసం మూడూ కొట్టుకుంటున్నాయి. షాపులో అద్దాల షోకేసులో ఆ లైట్లు చూసే మనసు పారేసుకున్నాడు. సీటీసీలో కుర్రాళ్లు చేసే తప్పుల్లో ఇంతకన్నా మామూలుది లేదనే చెప్పాలి.

సోమవారం షాపాయన కొంత డబ్బు పట్టుకుని, ముందు జాలీ ఉన్న క్యాబినెట్ మార్చిచ్చాడు. “లైట్లు కావాలని నువ్వే అంటివి గదా తమ్మీ” అన్నాడు తప్ప నవ్వలేదు. మళ్లీ దుప్పటి, మళ్లీ చీమ తలకాయ అక్షరాలు, మళ్లీ టార్చి. మరుసటి మధ్యాహ్నం గది 37 ఉండగా కార్డు 76 దగ్గర నిలిచింది. సగటు 140, ‘1 శాతం లో’ 99. కార్డు వాటేజీ పరిమితిని 180 నుంచి 160కి దించి చూస్తే పోయినవి నాలుగు ఫ్రేములు, తగ్గినవి ఐదు డిగ్రీలు. వేసవికి అలాగే ఉంచేశాడు.

తండ్రి లెక్క వేరే ఉంది. రోజుకు నాలుగు గంటలు, 300 వాట్లు, అంటే 1.2 యూనిట్లు. నెలకు 36. మీటరు చూసే ఆయనకు ఇది వెంటనే తెగింది. వాడి గదిలో ఏసీ పెట్టించాల్సి వస్తే వచ్చే బిల్లు ముందు ఇదెంత అని ఊరుకున్నాడు. ఆయన పట్టుకున్నది ఇంకొకటి. క్యాబినెట్ అంచు తగిలితే వేలికి జిమ్మంటోంది. టెస్టరు పెడితే సన్నగా వెలిగింది. ఎస్‌ఎంపీఎస్ లోపల కరెంటును వడగట్టే చిన్న కెపాసిటర్లు ఎర్త్ తీగకు కలిపి ఉంటాయి. ప్లగ్గులో మూడో రంధ్రం ఉండి దాని వెనక తీగే లేకపోతే వాటి గుండా కారే కొద్దిపాటి కరెంటు పోయేదారి లేక క్యాబినెట్ మీదే నిలుస్తుంది. పాత ఇళ్లలో ఇది మామూలే. కరెంటు చాలా స్వల్పమే అయినా అది మంచి సూచన కాదు, నిజంగా లోపల ఏదైనా తెగినప్పుడు కాపాడాల్సింది ఆ తీగే. ఎలక్ట్రీషియన్ వచ్చి స్విచ్‌బోర్డు విప్పితే తీగ ఉంది గానీ బిగించినవాడు లేడు. పదేళ్లుగా ఊడి వేలాడుతోంది. వాళ్ల ఫ్రిజ్ ప్లగ్గు కూడా అదే బోర్డులో ఉంది.

బుధవారం ఇంట్లో గొడవ డబ్బాల మీదికి వచ్చింది. మంచం కింద ఎనిమిది అట్టపెట్టెలు, థర్మోకోల్. ‘పాత సామాన్లు కొంటాం’ అని బండి వచ్చిందని తల్లి వాటిని వీధిలోకి తెచ్చింది. కుర్రాడు చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగి పరుగెత్తాడు. సీరియల్ నంబర్ల స్టిక్కర్లు వాటి మీదే ఉన్నాయి. మూడేళ్లలో కార్డు వారంటీకి పంపాల్సి వస్తే ఈ పెట్టెలోనే భద్రంగా పోవాలి. బేరం కుదిరిన ఇరవై రూపాయలు బండాయనకు తిరిగిచ్చేసి, పెట్టెలన్నీ మళ్లీ పైకి మోశారు. ఇప్పుడవి అటక మీద, బొమ్మల కొలువు ట్రంకుపెట్టె పక్కన ఉన్నాయి. గ్రాఫిక్స్ కార్డు డబ్బా మీద తల్లి స్కెచ్ పెన్నుతో పెద్దక్షరాలతో రాసింది: ‘పారెయ్యొద్దు. మూడేళ్లు.’